మా చిన్న ల్యాండ్ ట్రస్టును పెద్దదాంట్లో కలిపేయమంటున్నారు, ఓటు ఎటు వేయను?

ప్రశ్న: ఫిలడెల్ఫియాకు పడమటి శివార్లలో ఉంటున్నాం. మా టౌన్‌షిప్‌లో పొలాలూ అడవులూ ఇళ్ల ప్లాట్లుగా మారిపోకుండా కాపాడే చిన్న ల్యాండ్ ట్రస్టు ఒకటి ఉంది. వాళ్ల ట్రెయిల్ మీద వాకింగ్‌కి వెళ్తూ పరిచయమయ్యాను. లెక్కలు చూసే మనిషి కావాలంటే బోర్డులో చేరాను, ఇప్పుడు ట్రెజరర్‌ని. మాకు ఆరు చోట్ల సొంత భూములున్నాయి, ఇంకో 28 చోట్ల కన్జర్వేషన్ ఈజ్‌మెంట్లు ఉన్నాయి. జీతం తీసుకునే ఉద్యోగి ఒక్కరే, అదీ పార్ట్ టైమ్. ఆవిడ వచ్చే ఏడాది రిటైరవుతున్నారు. పక్క కౌంటీలోని పెద్ద ట్రస్టు మమ్మల్ని తమలో కలవమని అడుగుతోంది. మా ప్రెసిడెంటుకి 78 ఏళ్లు, ఆయన సరేనంటున్నారు. పాత సభ్యులు మాత్రం ఊరి పేరు పోతుంది, మన డబ్బు అటు పోతుంది అని మండిపడుతున్నారు. కలవకుండానే కలిసి పనిచేసే దారి లేదా? బోర్డులో ఇండియన్‌ని నేనొక్కడినే. ఎటు ఓటేసినా ఎవరికో ఒకరికి చెడ్డవాణ్ణవుతానని టెన్షన్‌గా ఉంది. ‘మనకెందుకండీ ఈ గొడవ, రిజైన్ చేసెయ్యండి’ అంటోంది మా ఆవిడ.

- ఒక పాఠకుడు, పెన్సిల్వేనియా

సమాధానం: మీ ఆవిడ మాట కొన్నాళ్లు వాయిదా వేయండి. ఇప్పుడు మీ బోర్డులో అందరికీ అభిప్రాయాలున్నాయి, లెక్కల పుస్తకం మాత్రం మీ దగ్గరే ఉంది. ఈ గొడవ తేలేది అభిప్రాయాల మీద కాదు కాబట్టి మీరు లేచి వెళ్లిపోతే నష్టం ట్రస్టుకే. పైగా ఓటు సంగతి తర్వాత, ముందు మీరు చూడాల్సిన ఫైళ్లు చాలా ఉన్నాయి.

మన పాఠకుల్లో చాలామందికి ఈజ్‌మెంట్ అంటే కొత్త కాబట్టి రెండు మాటల్లో చెప్తాను. ఒకాయనకు వంద ఎకరాల పొలం ఉంది. ఆయన దాన్ని అమ్మడు, ఎవరికీ ఇవ్వడు, పట్టా ఆయన పేరు మీదే ఉంటుంది. కానీ ఇక్కడ లేఅవుట్ వేయను, ఫలానా చోట తప్ప ఇల్లు కట్టను, వాగు ఒడ్డున చెట్లు కొట్టను అని పత్రం రాసి, ఆ షరతుల్ని అమలు చేయించే హక్కును ట్రస్టుకి ఇస్తాడు. కౌంటీలో రిజిస్టరవుతుంది. రేపు ఆయన కొడుకు అమ్మినా, కొన్నవాడు మళ్లీ అమ్మినా షరతులు భూమితోపాటే వెళ్తాయి. దీనికి ఫెడరల్ ఆదాయపన్నులో రాయితీ కూడా ఉంది, షరతులు శాశ్వతంగా ఉండాలన్న నిబంధన మీద. ఆ శాశ్వతం అన్న మాటే మీ సమస్యకి మూలం.

మనకి దేవుడి మాన్యాల సంగతి తెలుసు. నిత్యదీపానికని ఎవరో మహానుభావుడు నాలుగెకరాలు రాసిస్తాడు, శాసనం చెక్కిస్తాడు. మూడు తరాలు గడిచాక పొలం ఎవరి దున్నకంలో ఉందో తెలీదు, దీపం మాత్రం వెలగదు. శాసనంలో తప్పేమీ లేదు. ఏడాదికోసారి వెళ్లి పొలం గట్టు చూసొచ్చే మనిషి లేకుండా పోయాడు, అంతే. ఈజ్‌మెంటుకి కూడా ప్రాణం అక్కడే ఉంది. అమెరికాలో ల్యాండ్ ట్రస్టుల ఉమ్మడి సంఘమైన ల్యాండ్ ట్రస్ట్ అలయన్స్ రాసుకున్న ప్రమాణాల్లో ప్రతి ఈజ్‌మెంటునూ ఏడాదికి కనీసం ఒకసారి తనిఖీ చేయాలని ఉంది. దీన్ని మానిటరింగ్ అంటారని మీకు తెలిసే ఉంటుంది.

అందుకే మొదట చేయాల్సింది ఒకటే. మీ 28 ఈజ్‌మెంట్లకి గత మూడేళ్ల మానిటరింగ్ రిపోర్టులు తెప్పించి బల్ల మీద పెట్టండి. 84 ఉండాలి. ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ప్రతి ఈజ్‌మెంటుకీ మొదటి రోజు భూమి ఎలా ఉందో చెప్పే బేస్‌లైన్ రిపోర్టు, ఫొటోలతో సహా, ఉందో లేదో చూడండి. అన్నీ ఉంటే మీ ట్రస్టు చిన్నదైనా గట్టిదే, బేరం ఆడే స్థితిలో ఉంది. సగం లేకపోతే మాత్రం, పాత సభ్యులు పోతుందని భయపడుతున్నది ఇప్పటికే సగం పోయింది. ఊరి పేరు బోర్డు మీద ఉన్నంత మాత్రాన భూమికి ఒరిగేదేమీ లేదు.

రాసిచ్చిన మనిషి బతికున్నంత కాలం సాధారణంగా ఇబ్బంది రాదు. ఆయన ఇష్టపడి ఇచ్చాడు, షరతులన్నీ కంఠతా వచ్చు. గొడవలు ఎక్కువగా ఆయన తర్వాత వచ్చే యజమానులతో మొదలవుతాయి. కొన్నతను పత్రం చదవడు. చెట్లు నరికించి గ్యారేజీకి పునాది తీస్తాడు. అప్పుడు కోర్టుకి వెళ్లే ఓపికా, డబ్బూ ట్రస్టుకి ఉండాలి. మీ ట్రస్టు ఎన్నేళ్ల కిందట పుట్టిందో మీరు రాయలేదు. ముప్పై ఏళ్ల పైబడినదైతే మీ 28 భూముల్లో చాలావాటికి ఆ రెండో యజమాని రోజులు వచ్చేశాయనుకోండి.

ఇక డబ్బు. ‘మన డబ్బు అటు పోతుంది’ అన్నవాళ్లని ఏ డబ్బు అని అడగండి. ఈజ్‌మెంట్ల సంరక్షణకని విడిగా పెట్టిన నిధి, స్టివార్డ్‌షిప్ ఫండ్, ఎంతుందో మీకే తెలియాలి. ఉదాహరణకి ఒక లెక్క వేద్దాం. ఒక్కో భూమిని చూసి, యజమానితో మాట్లాడి, రిపోర్టు రాయడానికి ఏడాదికి 700 డాలర్లు అవుతుందనుకోండి. నిధిలోంచి ఏటా 4 శాతం మాత్రమే తీస్తే, ఒక్కో ఈజ్‌మెంటుకి 17,500 డాలర్లు మూలంలో ఉండాలి. 28కి 4,90,000. ఇందులో కోర్టు ఖర్చు లేదు, మీ ఆరు సొంత భూముల కంచెలు, పడిపోయిన చెట్లు, ట్రెయిల్ బాగుచేయడం ఏదీ లేదు. మీ అసలు ఖర్చులు పెట్టి ఈ లెక్క మీరే వేసి, ఒక్క పేజీలో బోర్డు ముందు పెట్టండి. చాలా అరుపులు అక్కడ ఆగిపోతాయి. అటు పోతుందనుకున్న డబ్బు అసలు సరిపడా లేదేమో కూడా అప్పుడే తెలుస్తుంది.

మీ అసలు ప్రశ్నకి వస్తాను. కలవకుండా కలిసి పనిచేసే దార్లు ఉన్నాయి, బాగా నడిచినవీ ఉన్నాయి. కాలిఫోర్నియాలో శాంటా క్రూజ్ కొండల్లో శాన్ విసెంటే రెడ్‌వుడ్స్ అని 8,500 ఎకరాల పైచిలుకు అడవి ఉంది. ఒక సిమెంటు కంపెనీ చేతిలో ఉండేది. 2011లో పెనిన్సులా ఓపెన్ స్పేస్ ట్రస్ట్, సెంపర్‌వైరెన్స్ ఫండ్ కలిసి దాన్ని కొన్నాయి. ఈజ్‌మెంట్ సేవ్ ద రెడ్‌వుడ్స్ లీగ్ చేతిలో ఉంది. జనం నడిచే ట్రెయిళ్ల పని ల్యాండ్ ట్రస్ట్ ఆఫ్ శాంటా క్రూజ్ కౌంటీ చూసుకుంది. నాలుగు సంస్థలు, ఒక అడవి, ఎవరి పేరూ పోలేదు. 2020 ఆగస్టులో వచ్చిన పెద్ద కార్చిచ్చు ఆ అడవిని చాలావరకు కాల్చేసింది. అప్పుడు కూడా ఆ భారం ఒక్కరి మీద పడలేదు. బే ఏరియాలో ఉన్న మీ స్నేహితులెవరైనా ఆ ట్రెయిళ్ల మీద నడిచే ఉంటారు.

ఇంకో రకం భాగస్వామ్యం కంటికి కనపడదు. ఒక్క దావా పడితే చిన్న ట్రస్టు ఖాతా ఖాళీ అవుతుందని గ్రహించి, దేశంలోని ల్యాండ్ ట్రస్టులు కలిసి టెర్రాఫర్మా అని సొంత ఇన్సూరెన్స్ కంపెనీయే పెట్టుకున్నాయి. 2013 నుంచి పనిచేస్తోంది. ఈజ్‌మెంట్లను కోర్టులో కాపాడుకునే ఖర్చు దాని నుంచి వస్తుంది, కంపెనీకి యజమానులు ఆ ట్రస్టులే. మీ ట్రస్టు అందులో ఉందా? లేకపోతే ఎందుకు లేదు? విలీనం జరిగినా జరగకపోయినా ఈ ప్రశ్న వచ్చే మీటింగులో అడగొచ్చు.

మీ వరకు ఆచరణలో పనికొచ్చేది మూడో రకం. పెద్ద ట్రస్టుతో ఒప్పందం చేసుకుని, ఫీజు ఇచ్చి, వాళ్ల సిబ్బందితో మీ మానిటరింగ్ చేయించుకోవడం. మీ బోర్డు, మీ పేరు, మీ నిధి అలాగే ఉంటాయి. అయితే ఇందులో జనం చూడని చిక్కు ఒకటుంది. పని బయటికిచ్చినంత మాత్రాన బాధ్యత బయటికి పోదు. రిపోర్టులు చదివి, తేడా ఉన్నచోట యజమానికి ఉత్తరం రాసి, లాయర్‌తో మాట్లాడే మనిషి మీ వైపు ఒకరుండాలి. ఇప్పటివరకూ ఆ మనిషి మీ పార్ట్ టైమ్ ఉద్యోగి. ఆవిడ వెళ్లిపోయాక ఎవరు? ప్రెసిడెంటుకి 78. మండిపడుతున్న పాత సభ్యుల్లో ఎవరైనా ఆ కుర్చీలో కూర్చుంటామన్నారా? అన్నవాళ్లుంటే విలీనం మాట పక్కన పెట్టి, ఈ ఒప్పందంతో హాయిగా పదేళ్లు నడపొచ్చు. ఎవరూ ముందుకు రాకపోతే ఒప్పందం మీకు ఒకటి రెండేళ్లు గడువు మాత్రమే ఇస్తుంది. గడువు తక్కువ విలువైనదేమీ కాదు, కానీ దాన్ని పరిష్కారం అనుకోవద్దు.

ఆ ఉద్యోగి గురించి ఒక మాట. విలీనం అయినా కాకపోయినా, ఆవిడ తలలో ఉన్నదంతా కాగితం మీదికి రావాలి. ఏ గేటుకి తాళం ఎవరి దగ్గరుంది, ఏ యజమాని మనవడు ఇల్లు కట్టాలని చూస్తున్నాడు, ఏ సరిహద్దు రాయి ఎక్కడ పూడిపోయింది, పదేళ్ల కిందట ఎవరికి నోటిమాటగా ఏమని ఒప్పుకున్నారు. రిటైరయ్యాక ఇంకో మూడు నెలలు జీతమిచ్చి ఈ ఒక్క పనే చేయించండి. ట్రెజరర్‌గా మీరు పెట్టే ఖర్చుల్లో ఇంతకన్నా సార్థకమైంది ఉండదు.

ఇప్పుడు విలీనాలు. ఇది మీ ఊరి వింత కాదు. 2020 నాటి లెక్క ప్రకారం అమెరికాలో ల్యాండ్ ట్రస్టులు 1,200కు పైగా ఉన్నాయి, అవి కాపాడుతున్న భూమి 6 కోట్ల 10 లక్షల ఎకరాలు. వాటిలో ఎన్నో మీలాంటివే, ఊళ్లో పదిమంది పూనుకుని పెట్టుకున్నవి. పెట్టినవాళ్లు పెద్దవాళ్లయ్యారు. అందుకే కలవడాలు జరుగుతున్నాయి. అందరూ చెప్పుకునేది ఒహాయో ఈశాన్య మూలలో జరిగింది. 2006లో ఎనిమిది స్థానిక ట్రస్టులు ఒక్కటై వెస్టర్న్ రిజర్వ్ ల్యాండ్ కన్జర్వెన్సీ అయ్యాయి. ఉత్తర కరోలినాలో కరోలినా మౌంటెన్ ల్యాండ్ కన్జర్వెన్సీ, పాకొలెట్ ఏరియా కన్జర్వెన్సీ 2017లో కలిసి కన్జర్వింగ్ కరోలినా అయ్యాయి. మెయిన్ రాష్ట్రం తీరంలో 2016లో నాలుగు సంస్థలు కలిసి మిడ్‌కోస్ట్ కన్జర్వెన్సీ పుట్టింది.

ఈ మూడిట్లోనూ ఒక్క సంగతి చూడండి. పెద్దదాని పేరు మిగిలి చిన్నదాని పేరు పోలేదు. అందరూ పాత పేర్లు వదిలి కొత్తది పెట్టుకున్నారు. అలాగని ఊళ్ల పేర్లు చెరిగిపోలేదు కూడా. మెయిన్‌లో కలిసిన నాలుగిట్లో హిడెన్ వ్యాలీ నేచర్ సెంటర్ ఒకటి. సంస్థగా అది కలిసిపోయింది, అక్కడి అడవికీ ట్రెయిళ్లకీ ఆ పేరే నడుస్తోంది. జనం తిరిగేది అడవిలో కానీ సంస్థలో కాదు గదా.

మీ విషయం ఈ మూడింటికన్నా భిన్నంగా ఉంది, అది ఒప్పుకోవాలి. మీది సమానుల కలయిక కాదు. పెద్దది చిన్నదాన్ని తనలో కలుపుకుంటోంది. మీ ప్రెసిడెంటు దీన్ని ‘భాగస్వామ్యం’ అని పిలుస్తూ ఉంటే ఆ మాట మాన్పించండి, పాత సభ్యులకు సగం ఒళ్లుమంట అక్కడే పుడుతుంది. కలుపుకోవడమే అని చెప్పి, దానికి బదులు ఏం అడుగుతున్నామో చెప్తే మనుషులు వింటారు. నాకు తోచినంతలో అడగాల్సింది ఇది. మీ స్టివార్డ్‌షిప్ నిధి మీ 34 భూములకే ఖర్చవ్వాలని విలీన ఒప్పందంలోనే రాయించండి. మీ ఆరు సొంత భూముల పేర్లు మారవని రాయించండి. మీ టౌన్‌షిప్ వాళ్లతో ఒక స్థానిక కమిటీ ఉండాలి, దానికి సలహా ఇచ్చే పని మాత్రమే కాకుండా, ఆ ఆరు భూముల్లో దేన్నైనా అమ్మాలన్నా మార్చాలన్నా దాని అనుమతి కావాలి. వాళ్ల బోర్డులో మీవాళ్లకు రెండు కుర్చీలు అడగండి. కుర్చీలు తేలిగ్గా ఇస్తారు, మూడేళ్ల తర్వాత అవి ఉండవు. అనుమతి హక్కు ఇవ్వడానికి నసుగుతారు. మీ పట్టుదలంతా దాని కోసం దాచుకోండి.

ఇక పత్రాల సంగతి. ఇక్కడ మీకు నాన్‌ప్రాఫిట్ చట్టమూ, భూముల చట్టమూ రెండూ తెలిసిన పెన్సిల్వేనియా లాయర్ కావాలి. బోర్డులో ఎవరి బావమరిదో ఉచితంగా చూసిపెడతాడంటే ఒప్పుకోవద్దు. పెద్ద ట్రస్టు లాయర్‌తోనే ఇద్దరికీ సరిపెడదామంటే అసలే వద్దు. మీ లాయర్‌ని ఏ ప్రశ్నలు అడగాలో మీకు తెలియడం కోసం కొన్ని చెప్తాను.

కలపడానికి రెండు పద్ధతులున్నాయి. మొదటిది చట్టప్రకారం విలీనం: మీ సంస్థ వాళ్లలో కలుస్తుంది, మీ ఆస్తులు, హక్కులు, అప్పులు, దావాలు అన్నీ వాళ్లకు ఒకేసారి సంక్రమిస్తాయి. రెండోది మీ ఆస్తులన్నీ ఒక్కొక్కటిగా వాళ్లకు బదిలీ చేసి, తర్వాత మీ సంస్థను మూసేయడం. ఇందులో 28 ఈజ్‌మెంట్లకి 28 బదిలీ పత్రాలు, ఆరు భూములకి ఆరు దస్తావేజులు రాసి కౌంటీలో రిజిస్టర్ చేయించాలి. పని ఎక్కువ. అయితే మీ పాత తలనొప్పులు వాళ్లకి ఆటోమేటిగ్గా అంటవు కాబట్టి పెద్ద సంస్థలు కొన్నిసార్లు దీన్నే కోరతాయి. ఏది అడుగుతున్నారో, ఎందుకు అడుగుతున్నారో కనుక్కోండి. ఏ పద్ధతైనా ఈజ్‌మెంట్ చేరాల్సింది దాన్ని అమలు చేసే నిబద్ధతా, స్తోమతా ఉన్న అర్హత గల సంస్థకే, ఫెడరల్ పన్ను నిబంధనల్లోనే ఆ మాట ఉంది.

చాలా బోర్డులు చివరిదాకా గమనించనిది ఇంకోటి ఉంది. మీ సొంత భూముల్లో దేని మీదైనా ఈ పెద్ద ట్రస్టుకి ఈజ్‌మెంట్ ఉందా? చిన్న ట్రస్టు భూమి కొన్నప్పుడు, అదనపు రక్షణ కోసం దాని మీద ఈజ్‌మెంట్‌ను పక్క ట్రస్టుకి రాసివ్వడం మామూలే. భూమి ఒకరిది, కాపలా హక్కు ఇంకొకరిది, అదే అందులో బలం. రెండు సంస్థలూ ఒకటైతే భూమీ, కాపలా హక్కూ ఒకే చేతిలోకి వస్తాయి. ఆస్తి చట్టంలో పాత సూత్రం ఒకటుంది: పెద్ద హక్కూ చిన్న హక్కూ ఒకే యజమానికి చేరితే చిన్నది పెద్దదాంట్లో కరిగిపోతుంది. అంటే సంస్థల్ని కలిపిన రోజే ఆ ఈజ్‌మెంట్ చడీచప్పుడు లేకుండా చచ్చిపోయే ప్రమాదం ఉంది. పైన చెప్పిన శాన్ విసెంటేలో, ఊరికే అనుకుందాం, భూమి ఉన్న సంస్థా ఈజ్‌మెంట్ ఉన్న సంస్థా ఎప్పుడైనా కలుద్దామనుకుంటే అక్కడ కూడా ఇదే ప్రశ్న లేస్తుంది. పత్రంలో ‘ఇలా కరిగిపోదు’ అనే నిబంధన ముందే ఉందేమో లాయర్ చూస్తారు. లేకపోతే విలీనానికి ముందే ఆ ఈజ్‌మెంట్‌ను మూడో ట్రస్టుకి బదిలీ చేయడం శుభ్రమైన పని. తర్వాత చూద్దాంలే అంటే ఒప్పుకోకండి, తర్వాత చూడ్డానికి ఏమీ మిగలకపోవచ్చు.

దస్తావేజులన్నీ ఒకసారి చదివించండి. ‘ఈ సంస్థ లేకుండా పోతే భూమి నా వారసులకు తిరిగి చెందును’ అని ఎవరైనా దాత రాసి ఉండొచ్చు. ప్రభుత్వ గ్రాంటుతో కొన్న భూమైతే బదిలీకి ఆ శాఖ అనుమతి కావాలి. ఫలానా వాగు కోసమని వచ్చిన విరాళం, సంస్థ మారినా ఆ వాగుకే చెందుతుంది. ఇక పెన్సిల్వేనియాలో ధర్మకార్యానికి కేటాయించిన ఆస్తుల మీద అటార్నీ జనరల్ కార్యాలయం కన్నేసి ఉంచుతుంది, అలాంటి ఆస్తిని దాని ఉద్దేశం నుంచి మళ్లించాలంటే ఆర్ఫన్స్ కోర్టు (వారసత్వాలు, ధర్మనిధుల వ్యవహారాలు చూసే కోర్టు) దాకా వెళ్లాలి. మీ విలీనానికి ఏ మేరకు ఎవరికి తెలియజేయాలో లాయర్ మొదటి నెలలోనే చెప్పాలి, చివరి వారంలో కాదు. రాష్ట్రంలోని ట్రస్టుల ఉమ్మడి సంఘం వుయ్ కన్జర్వ్ పీఏ ఉంది. దాని నమూనా పత్రాలు మీ లాయర్‌కి పని తగ్గిస్తాయి.

ఆపైన మీ సంస్థ నిబంధనావళి తీయండి. ‘సభ్యులు’ అంటే ఏడాదికి చందా కట్టేవాళ్లేనా, లేక వాళ్లకి ఓటు హక్కు ఉందా? చాలా ట్రస్టుల్లో సభ్యులకి ఓటుండదు, బోర్డు ఓటుతో సరి. ఉంటే మాత్రం ఈ విలీనం వాళ్ల ముందుకు వెళ్లాల్సిందే, అప్పుడు కోపంగా ఉన్న పాత సభ్యులు మీరు ఒప్పించాల్సిన ఓటర్లు. ఓటు లేకపోయినా వాళ్లని పిలిచి వినాలనే నేనంటాను. కానీ ఏ అధికారంతో మాట్లాడుతున్నారో అందరికీ ముందే తెలిస్తే మీటింగు సజావుగా నడుస్తుంది.

పెద్ద ట్రస్టు మీ ఫైళ్లన్నీ చూస్తానంటుంది. మీరూ వాళ్లవి చూడండి. చిన్నవాళ్లకి ఇది అడగడానికి మొహమాటం, మనవాళ్లకి మరీను. వాళ్లు ఏటా పన్నుల శాఖకి ఇచ్చే లెక్కల పత్రం, ఫారం 990, ఎవరైనా చూడొచ్చు, మూడేళ్లవి చూడండి. ఆడిట్ రిపోర్టులు అడగండి. వాళ్ల ఈజ్‌మెంట్లు ఎన్ని, స్టివార్డ్‌షిప్ నిధి ఎంత, పైన మనం వేసిన లెక్క వాళ్లకీ వేయండి. మీ దగ్గర ఒక్కో ఈజ్‌మెంటుకి ఉన్న నిధికన్నా వాళ్ల దగ్గర తక్కువుంటే, పెద్దాళ్లు మీరా మేమా అన్న ప్రశ్న వస్తుంది. నడుస్తున్న కోర్టు గొడవలు అడగండి. ల్యాండ్ ట్రస్టులకిచ్చే గుర్తింపు, అక్రెడిటేషన్, ఉందా, మళ్లీ ఎప్పుడు పునరుద్ధరించుకోవాలి అనేది కనుక్కోండి. ఆ గుర్తింపు ఐదేళ్లకోసారి కొత్తగా తెచ్చుకోవాలి, ఆ మధ్యలో విలీనం పెట్టుకుంటే ఆ పని కూడా నెత్తిన పడుతుంది.

భూములు రాసిచ్చినవాళ్లకి ఈ కబురు పేపర్లో చూసి తెలియకూడదు. దాతల్లో బతికున్న ప్రతి ఒక్కరికీ మీ ప్రెసిడెంటే స్వయంగా ఫోన్ చేయాలి. ఈమెయిల్ వద్దు. ఆయనకున్న పలుకుబడి అంతా ఈ పనికి వాడుకోండి. ఆయన వయసులో ఈ బరువు దించుకోవాలని చూడటం తప్పేమీ కాదు, కానీ ఆ ఫోన్లు చేయకుండా దించుకుంటే మాత్రం ఊరు ఆయన్ని క్షమించదు.

ఇండియన్‌ని ఒక్కడినే అన్నారు. నిజమే, ముప్పై ఏళ్లుగా అక్కడున్నవాళ్ల మధ్య నిన్నగాక మొన్న వచ్చినవాడు ఓటేస్తే గుచ్చుకుంటుంది. అందుకే ఓటుకు ముందు లెక్క పెట్టమంటున్నాను. రిపోర్టుల సంఖ్య, నిధి, ఖర్చు, బాధ్యత తీసుకునే మనిషి పేరు, ఇవన్నీ ఒక పేజీలో రాసిచ్చాక మీరెటు ఓటేసినా ఎందుకు వేశారో అందరికీ కనిపిస్తుంది. ఒప్పుకోనివాళ్లు కొందరుంటారు. ఉండనివ్వండి. మరో మాట, ఆ టౌన్‌షిప్‌లో మీరు పన్ను కడుతున్నారు, ఆ ట్రెయిల్ మీద వాకింగ్‌కి వెళ్తున్నారు. ‘మనకెందుకండీ ఈ గొడవ’ అని మీ ఆవిడ అన్నదే, ఆ ఊళ్లో వాళ్లలో మీరూ ఉన్నారని ఆవిడకి చెప్పండి.

నేనైతే ఎలా ఓటేస్తానని మీరు అడగలేదు కానీ చెప్తాను. ఈ మీటింగులో విలీనానికి ఓటు వేయను, వ్యతిరేకంగానూ వేయను. ఏడాది పాటు ఫీజు ఒప్పందం మీద వాళ్లతో మానిటరింగ్ చేయించాలని తీర్మానం పెడతాను. వాళ్ల మనుషులు మీ రైతులతో ఎలా మాట్లాడతారో, రిపోర్టు వారంలో వస్తుందో ఆరు నెలలకొస్తుందో ఆ ఏడాదిలో తెలుస్తుంది. ఈలోగా పత్రాల పని నడుస్తుంది. బాధ్యత తీసుకునే స్థానికులెవరూ తేలకపోతే, వాళ్ల పని బాగుంటే, ఏడాది చివర విలీనానికే ఓటేస్తాను, అదీ ఇంకా మీ దగ్గర నిధీ, ఫైళ్లూ, పలుకుబడీ ఉన్నప్పుడే. ఇంకో ఐదేళ్లు లాగి, ప్రెసిడెంటు మంచాన పడ్డాక వెళ్తే మీరు అడిగే స్థానిక కమిటీని ఎవరూ పట్టించుకోరు.

పెద్ద ట్రస్టు ఏడాది ఆగనంటే అదీ ఒక సమాధానమే, రాసి పెట్టుకోండి.

ఈ ఏడాదిలోనే సంతకం కావాల్సిన కాగితం మాత్రం ఒకటుంది. రేపు మీ ట్రస్టు ఏ కారణంగానైనా నడవలేకపోతే 28 ఈజ్‌మెంట్లూ ఎవరికి వెళ్లాలో చెప్పే బ్యాకప్ హోల్డర్ ఒప్పందం. కొన్ని పత్రాల్లో ఆ పేరు ముందే ఉండొచ్చు, కొన్నిట్లో ఉండదు. లేనివాటి జాబితా మీ ఉద్యోగి రిటైరయ్యే లోపు ఆవిడతోనే రాయించుకోండి. ఆ జాబితా పట్టుకునే లాయర్ దగ్గరికి వెళ్లండి.